ఎసట్లో పోయకముందు

మా అమ్మ బియ్యం కొలిచే సోల ఇత్తడిది. అంచు ఒకచోట సొట్టపోయి ఉండేది. పొద్దున్నే ఎసరు పొయ్యి మీద పెట్టి, మూడు సోలల బియ్యం చేటలో పోసుకుని, రాళ్లు ఏరి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న చిన్న మట్టిముంతలో వేసేది. వేసేటప్పుడు పెదాలు కదిలేవి. ఆ రోజుకి అదే మొదటి ప్రార్థన. శనివారం రాత్రికి ముంత నిండేది. ఆదివారం ఆ బియ్యం గుడ్డలో మూటగట్టుకుని గుడికి తీసుకెళ్లేవాళ్లం. ఆరాధన అయ్యాక అందరి బియ్యం ఒకచోట కలిపి సంఘపెద్ద వేలం వేసేవాడు.

ఒక ఏడు పంట పోయింది. మూడు సోలలు రెండయ్యాయి. పిడికెడు మాత్రం పిడికెడుగానే ఉంది. నాకప్పుడు పదేళ్లుంటాయి. ఆకలి తెలిసిన వయసు. "అందరం తిన్నాక మిగిలితే వెయ్యొచ్చుగా అమ్మా" అన్నాను. అమ్మ కోప్పడలేదు. "మిగిలింది కుక్కకైనా పెడతాం నాన్నా. దేవుడిది వండకముందే తియ్యాలి" అంది.

విశ్వాసాన్ని ముందు పెట్టడం గురించి తర్వాత చాలా ప్రసంగాలు విన్నాను. పుస్తకాలు చదివాను, నేనే కొన్ని కూటాల్లో మాట్లాడాను కూడా. అమ్మ ఆ రోజు చెప్పినంత తేటగా ఎవరూ చెప్పలేదు. పిడికెడు బియ్యం చాలా తెలుగు సంఘాల్లో ఉన్న అలవాటే. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు నూరేళ్లకు పైగా పూటపూటా ఇలాగే తీస్తున్నారు. అందులో బియ్యం కొలత కొంచెమే. ఎప్పుడు తీశారన్నదే అసలు సంగతి. ఎసట్లో పోయకముందు తీశారు. ఈ పూటకి ఇంట్లో అందరికీ సరిపోతుందో లేదో ఇంకా తెలియదు. తెలియకముందే తీశారు.

శిష్యుడి జీవితంలో "ముందు" అనే మాటకు అర్థం ఇదే అని నా నమ్మకం. లెక్క తేలాక దేవుడికి ఎంత ఇవ్వొచ్చో చూసుకునేవాడు భక్తిపరుడు కావచ్చు, మంచివాడు కావచ్చు. శిష్యుడు లెక్క మొదలుపెట్టకముందే దేవుణ్ణి అడుగుతాడు. సమయం, డబ్బు, చదువు, పెళ్లి, ఉద్యోగం, ఏ విషయంలోనైనా మొదట ఎవరిని అడిగామన్నదాన్ని బట్టే మన జీవితంలో ఎవరు ముందున్నారో తెలుస్తుంది.

మనం దాటిపోయే మాట

మత్తయి సువార్త 6వ అధ్యాయం చివరి భాగం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అది మరోసారి, ఎవరితో చెప్పిన మాటలో గుర్తుపెట్టుకుని చదవండి. యేసు ప్రభువు చుట్టూ కూర్చున్నవాళ్లలో చేపలు పట్టేవాళ్లు, కూలివాళ్లు, పన్నులు కట్టలేక నలిగిపోయినవాళ్లు ఉన్నారు. ఏం తింటాం, ఏం కట్టుకుంటాం అన్న దిగులు వాళ్లకు నిజమైన దిగులు. తిండీ బట్టా అక్కర్లేదని ఆయన వాళ్లతో అనలేదు. అవి మీకు కావాలని మీ తండ్రికి తెలుసు అన్నాడు. అన్నాక, మొదట వెతకాల్సింది దేవుని రాజ్యాన్ని, ఆయన నీతిని అన్నాడు. మిగతావి వెంట వస్తాయన్నాడు.

చదివేవాళ్లం రెండు మాటలు గట్టిగా పట్టుకుంటాం. ఒకటి రాజ్యం. రెండోది వెంట వచ్చేవన్నీ. మధ్యలో ఉన్న నీతిని దాటిపోతాం. రాజ్యాన్ని వెతకడమంటే కూటాలకు వెళ్లడం, పాటలు పాడటం, సువార్త చెప్పడం అనుకుంటాం. అవి చేసి, "ఇక మిగతావి రావాలి కదా" అని ఎదురుచూస్తాం. నీతి అక్కడే మిగిలిపోతుంది, ఎవరూ తీసుకెళ్లని మూటలాగా. ఇక్కణ్ణుంచి చివరిదాకా ఆ మూటను మీ ముందు పెడుతూనే ఉంటాను.

సారెపతు విధవరాలి కథ కూడా మనం సగమే చెప్పుకుంటాం. మొదటి రాజుల గ్రంథం 17వ అధ్యాయం. కరువు. ఆమె దగ్గర తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. పుల్లలు ఏరుకుని వెళ్లి, తనకూ కొడుకుకూ ఒక్క పూట చేసుకుని తిని చనిపోదామనుకుంటోంది. ఏలీయా ఆమెను ముందు తనకొక చిన్న రొట్టె చేసి తెమ్మన్నాడు. ఎంత కఠినమైన మాట! ఆకలితో ఉన్న తల్లిని అడగాల్సిన మాటేనా? పిండి తరగదు, నూనె అయిపోదు అని దేవుడు చెప్పాడని ఆయన అన్నాడు నిజమే. ఆమె చేతిలో ఉన్నది మాత్రం ఆ మాట ఒక్కటే. తొట్టి నిండటం చూశాక ఇవ్వలేదు. అడుగు కనబడుతుండగా ఇచ్చింది.

ముందు ఇచ్చిన ఇంటికి ఇక కష్టం రాదని ఈ కథ చూపించి చెప్పే బోధకులున్నారు. వాళ్లు ఆ అధ్యాయం చివరిదాకా చదవరు. పిండి తరగని ఆ ఇంట్లోనే, అదే అధ్యాయంలో, ఆమె కొడుకు జబ్బుపడి చనిపోతాడు. ఏలీయా మొరపెట్టుకున్నాక దేవుడు ఆ బిడ్డను తిరిగి బ్రతికించాడు, నిజం. కానీ ఆ తల్లి బిడ్డ శవాన్ని ఒళ్లో పెట్టుకున్న క్షణం కూడా నిజమే. దేవుణ్ణి ముందు పెట్టిన ఇంట్లోకి మరణం అడుగుపెట్టింది. ఇది చెప్పకుండా "ముందు ఇవ్వండి, నూరంతలు వస్తుంది" అని మాత్రమే చెప్పేవాళ్లు విశ్వాసాన్ని వడ్డీవ్యాపారం చేస్తున్నారు. వాళ్ల మాట నమ్మి ఇచ్చిన పేదవాడు మొదటి దెబ్బకే విశ్వాసం వదిలేస్తే ఆ పాపం ఎవరిది?

గుండ్లకమ్మ ఒడ్డున

తెలుగు నేల మీద విశ్వాసాన్ని ముందు పెట్టినవాళ్ల కథ ఒకటి చెప్పమంటే నేను ఒంగోలు వైపే చూస్తాను. దూరదేశాల కథలు మనకు బాగా తెలుసు. మన తాతముత్తాతల కథ తెలియదు.

1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు చేరాడు. ఆయన రావడానికి ముందే తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన దేవుణ్ణి వెతుకుతున్నాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేస్తూ ఊళ్లు తిరిగే మనిషి. యోగమార్గంలో గురువుల దగ్గర కూర్చున్నాడు. చివరికి క్రీస్తు సంగతి విని, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తీసుకున్నాక ఇంట్లో కూర్చోలేదు. తాను తిరిగిన ఊళ్లన్నీ మళ్లీ తిరిగి తనవాళ్లకు చెప్పాడు.

అదే కాలంలో ఒంగోలు పట్టణంలో పై కులాల కుటుంబాలు కూడా క్లౌ దగ్గరికి రాకపోకలు మొదలుపెట్టాయి. వాళ్ల పిల్లలు ఆయన బడికి వస్తున్నారు. పల్లెల నుంచి మాదిగలు విశ్వాసులై వస్తున్నారని తెలిశాక వాళ్లు తేల్చి చెప్పేశారు. వీళ్లను చేర్చుకుంటే మేము రాము. క్లౌకు అది చిన్న సంగతి కాదు. పలుకుబడి ఉన్నవాళ్లు వస్తే పట్టణమంతా వస్తుందని ఏ మిషనరీకైనా ఆశ ఉంటుంది. ఆ రోజు ఆయన ఒక గదిలో, ఆయన భార్య హారియట్ మరో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిచారు. ఇద్దరికీ ఒకే భాగం వచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు లోకం నీచమని తోసేసినవాళ్లను ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన చోటు. తర్వాత ఒకరికొకరు చెప్పుకున్నారు. మాదిగలను చేర్చుకున్నారు. పై కులాలవాళ్లు వెళ్లిపోయారు.

దీన్ని అద్భుతంగా మాత్రమే చెప్పుకుంటే మనకు ఉపయోగం లేదు. లెక్క వేసుకోకముందే వాళ్లు దేవుణ్ణి అడిగారు. ఎవరు వస్తే సంఘం పెరుగుతుంది, ఎవరు వస్తే పరువు అన్న ప్రశ్న తర్వాతికి పోయింది. మన సంఘాల్లో పెద్దల కమిటీ ఎన్నికలప్పుడు, పిల్లల పెళ్లిళ్లప్పుడు, ముందు కులం అడిగి తర్వాత ప్రార్థన చేసే ఇళ్లు ఎన్నో మీకూ తెలుసు, నాకూ తెలుసు. క్రీస్తు కన్నా కులం ముందున్న ఇంట్లో గోడ మీద ఏ వాక్యం రాసి పెట్టుకున్నా ఒకటే.

పేరయ్య మాట విని వచ్చినవాళ్లకు మూడు కట్టుబాట్లు ఉండేవి. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. ఆదివారం పని చెయ్యకూడదు. వినడానికి తేలిక. ఆ రోజుల్లో ఆదివారం పనికి రానన్న పాలేరుకు కూలి గింజలు పోయేవి. ఊరి జాతరలో డప్పు కొట్టనన్నవాడి మీద ఊరంతా కత్తిగట్టేది. వెట్టి చెయ్యాల్సిన మనిషి, ఒక రోజు నా దేవుడిది అని నిలబడ్డాడు. వాళ్లను కొట్టారు, నీళ్లు లేకుండా చేశారు, దొంగ కేసులు పెట్టారు. చదువు లేదు, భూమి లేదు. ఏడు రోజుల్లో ఒక రోజు మాత్రం వాళ్లది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. విశ్వాసం ముందు ఉండటం అంటే చేతిలో ఏమీ లేని మనిషికి ఎంత ఖరీదో అక్కడ చూడాలి.

తర్వాత 1876లో ధాత కరువు మొదలైంది. రెండేళ్లు జనం మాడిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని పెట్టించాడు. పగలు మట్టి తవ్వేవాళ్లు, సాయంత్రాలు బోధకులు వాళ్లతో కూర్చుని క్రీస్తు సంగతులు చెప్పేవాళ్లు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు పనులు నడిచిన నెలలన్నీ ఒక్కరికీ ఇవ్వలేదు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని, కూడూ విశ్వాసమూ కలగలిసిపోకూడదని ఆయన పట్టుదల. లెక్కలు చూపించుకోవాల్సిన మిషనరీకి అది ఎంత నష్టమో ఆలోచించండి.

వానలు పడ్డాయి. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్నారు. పొద్దున ఆరింటికి మొదలై, మధ్యాహ్నం ఆగి, సాయంత్రం ఏడింటి దాకా సాగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ నీళ్లలో నిలబడ్డారు. క్లౌ తానుగా ఒక్కరికీ ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లంతా తెలుగువాళ్లే.

రెండు పేర్ల బాధ

ఇప్పుడు మనదాకా వద్దాం. మన సంఘాల్లో పైకి ఎవరూ మాట్లాడని ఒక విషయం ఉంది. అదే కుల ధ్రువీకరణ పత్రం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతస్థులకే షెడ్యూల్డు కులాల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. షెడ్యూల్డు కులాల హోదా పోకూడదని ఎన్నో ఇళ్లలో ఆదివారం ఒక పేరు, మండలాఫీసులో ఇంకో పేరు. గుడిలో సమూయేలు, సర్టిఫికెట్లో వేరే. తల్లి ప్రార్థనాపరురాలు, కొడుకు దరఖాస్తులో మతం దగ్గర హిందూ.

వీళ్ల మీద వెయ్యడానికి నా చేతిలో రాయి లేదు. మతం మారినంత మాత్రాన ఊళ్లో అంటరానితనం మారలేదు. ఆ ఉత్తర్వు న్యాయం కాదని నా అభిప్రాయం, దాన్ని మార్చమని చట్టం ఒప్పుకున్న దారిలో అడగడం కూడా నీతిని వెతకడమే. అయినా శిష్యుడిగా ఉండాలనుకునేవాళ్లు ఈ ప్రశ్నను చీకట్లో పెట్టుకుని బ్రతకలేరు. అక్కడ దాచిన భయం ఇంకోచోట బయటపడుతుంది. సాక్ష్యం చెప్పమంటే నోరు పెగలదు. పిల్లలు చూస్తారు. అవసరమైనచోట దేవుణ్ణి పక్కన పెట్టొచ్చని నేర్చుకుంటారు.

ఏం చెయ్యాలి? ముందు భార్యాభర్తలు కూర్చుని తలుపేసుకుని నిజం మాట్లాడుకోండి. మనం ఎవరిమని అధికారి అడిగితే ఏం చెబుతాం? దానివల్ల ఏ సీటు పోతుంది, ఏ ఉద్యోగం పోతుంది? ముందు మోకాళ్ల మీద దేవుణ్ణి అడగండి. అడిగాక, ఆ నష్టాన్ని అంకెలతో సహా రాసుకోండి. అబద్ధం రాసి దానికి దేవుని దీవెన అడగొద్దు. ఆ నష్టం భరిస్తామని తేల్చుకున్న కుటుంబాన్ని సంఘం ఒంటరిగా వదలకూడదు. గుడికి రంగులు వేయించడానికీ సౌండ్ బాక్సులకూ చందాలు ఎత్తగలిగిన సంఘం అలాంటి పిల్లల కాలేజీ ఫీజుకు ఒక నిధి పెట్టలేదా? తన పిల్లల సర్టిఫికెట్లు బీరువాలో దాచుకుని, పులిపీఠం మీద నుంచి పేదవాణ్ణి కేకలేసే పెద్దలు ముందు తమ ఇంట్లో మాట్లాడుకోవాలి.

దానియేలు కిటికీ

పెద్ద పరీక్ష వచ్చిన రోజున కొత్తగా ధైర్యం పుట్టదు. దానియేలు గ్రంథం 6వ అధ్యాయం చూడండి. రాజు తప్ప ఎవరికీ మొక్కకూడదని శాసనం వచ్చాక ఆయన ఇంటికెళ్లి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి, రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు. అక్కడొక చిన్న మాట ఉంది. అంతకుముందు చేస్తూ వచ్చినట్టే చేశాడని. శాసనం ఆయనలో ఏ కొత్త అలవాటునూ పుట్టించలేదు. ఉన్నదాన్ని ఆపలేకపోయింది. సింహాల గుహ ముందు నిలబడిన ధైర్యం ఏ ప్రత్యేకతా లేని వందల సాయంత్రాల్లో కూడుకున్నది.

అందుకే చిన్నదానితో మొదలుపెట్టండి. పొద్దున లేవగానే చెయ్యి ఫోను మీదకి పోతుంది. ఆ రోజుకి అదే మొదటి పిడికెడు, మనం దాన్ని వాట్సాప్‌లో పోస్తున్నాం. రాత్రి ఫోను వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. అలారానికి ఒక చవక గడియారం కొనుక్కోండి. లేచాక మొదటి పావుగంట ఎవరితోనూ మాట్లాడకముందు, వార్తలు చూడకముందు, ఒక అధ్యాయం పైకి చదవండి. మార్కు సువార్తతో మొదలుపెట్టమని నా సలహా. పదహారు అధ్యాయాలు. మొత్తం ఏకబిగిన పైకి చదివితే గంటన్నర పడుతుందంతే. పదహారు రోజులయ్యాక మళ్లీ మొదటికి రండి. రెండోసారి మీకు వేరే పుస్తకంలా కనబడుతుంది. ఒక రోజు తప్పితే రెండింతలు చదివి తీర్చుకోవాలని చూడకండి. మర్నాడు ఆ రోజుది చదవండి, చాలు.

ఆదివారం సంగతి ఇంతే. తెరవకపోతే నడిచే కొట్టును తెరవకండి. ఆసుపత్రిలో డ్యూటీ ఉన్న నర్సమ్మ గుడికి రాలేదని ఎవరూ లెక్కపెట్టొద్దు. యేసు ప్రభువు విశ్రాంతిదినాన రోగులను బాగుచేశాడు.

డబ్బు దగ్గర కాస్త ఆగాలి. జీతం పడిన రోజే, ఈఎంఐలూ చీటీలూ కట్టకముందే, దేవుడి భాగం తీసి పక్కన పెట్టండి. పదోవంతా, ఇంకా ఎక్కువా అన్నది మీకూ దేవుడికీ మధ్య ఉన్న మాట. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏడాదిలో ఎదిగేలా చిన్నగా మొదలుపెట్టినా తప్పులేదు. తిరునెల్వేలి నుంచి 1909లో దోర్నకల్ వచ్చి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. పరాయి డబ్బు మీద ఆధారపడకుండా పల్లె సంఘాలు సొంత కాళ్ల మీద నిలబడాలని ఆయన జీవితమంతా పాటుపడ్డారు. నిరుపేదల మధ్య పనిచేస్తూ ఆ మాట చెప్పగలిగారంటే ఆ పేదల చేతులకు ఆయన ఇచ్చిన గౌరవం అది. వాళ్లు పుచ్చుకునేవాళ్లే కారు, ఇచ్చేవాళ్లు కూడా.

కానీ ముందు తీయాల్సిన పిడికెడు ఎవరి గిన్నెలోంచి తీస్తున్నామో చూసుకోవాలి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవుడికి అర్పించామని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో మార్కు 7వ అధ్యాయంలో ఉంది. అమ్మ బీపీ మాత్రలు ఆపి టీవీ పరిచర్యలకు పంపిన డబ్బు దేవుడికి చేరిందని నేను నమ్మను. కూరాకుల్లో కూడా పదోవంతు లెక్కపెట్టి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్లతో ఆయన ఏమన్నాడో మత్తయి 23లో చదవండి. ఇంకోచోట, అర్పణ తెచ్చి బలిపీఠం దగ్గర నిలబడ్డప్పుడు, నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, ఆ అర్పణ అక్కడే వదిలి వెళ్లి ముందు అతనితో సమాధానపడమన్నాడు. అక్కడా "ముందు" అనే మాటే. దేవుణ్ణి ముందు పెట్టడమంటే ఒక్కోసారి గుడిలోంచి లేచి బయటికి నడవడం.

సంఘం పని, దేవుడు

సంఘం పనీ దేవుడూ ఒకటి కాదని నాకు నష్టం జరిగాక తెలిసింది. మా అమ్మాయికి టైఫాయిడ్ వచ్చిన వారం నేను కన్వెన్షన్ పందిరి పనుల్లో ఉన్నాను. కర్రలు, టార్పాలిన్లు, వచ్చే దైవజనులకు బస. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరేవాణ్ణి. మా ఆవిడ ఒక్కతే ఆ పిల్లకు తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది. నాలుగో రోజు రాత్రి అమ్మాయి జ్వరంలోనే, "నాన్నా, దేవుడు నిన్ను ఇంటికి పంపడా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. అప్పటిదాకా దేవుణ్ణి ముందు పెట్టాననే అనుకున్నాను. నిజానికి నన్ను పదిమందిలో నిలబెట్టే పనిని ముందు పెట్టాను. ఆ వారం పొద్దున్నే ఒక్కరోజైనా దేవుణ్ణి అడిగి ఉంటే, ఇంటికి పొమ్మనే ఉండేవాడు.

మీ సంగతి దీనికి తలకిందులు కావచ్చు. ఇంట్లో మీరొక్కరే విశ్వాసి కావచ్చు. అత్తగారింట్లో పూజగది పక్కనే వంటగది, మీరు బైబిలు చదువుకోవడానికి మేడమెట్లే దిక్కు. లూకా 14లో తండ్రినీ తల్లినీ ద్వేషించడం గురించి ఉన్న మాట మిమ్మల్ని కలవరపెట్టి ఉంటుంది. అది ప్రేమల మధ్య వరుస చెప్పే యూదుల నుడికారం. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞను ఆయన కొట్టెయ్యలేదు. సిలువ మీద ఊపిరాడని వేళ కూడా తల్లిని ఎవరు చూసుకోవాలో చెప్పి వెళ్లాడు. ప్రసాదం వద్దనాల్సి వస్తే మెల్లగా, చేతులు జోడించి అనొచ్చు. వాళ్ల దేవుళ్లను ఒక్క మాటా అనొద్దు. మీరు క్రీస్తును ముందు పెట్టుకున్న తర్వాత అత్తగారి కాళ్లనొప్పులు మీకు మునుపటికన్నా బాగా తెలియాలి. ఆదివారం గుడికి పోనివ్వని రోజులుంటాయి. మేడమెట్ల మీద పావుగంట ఎవరూ ఆపలేరు. అది మీ ముంత. నిండనివ్వండి.

పిల్లల చదువు, సంబంధాలు, అమెరికా ప్రయాణం, ఇల్లు కొనడం లాంటి పెద్ద నిర్ణయాలు వచ్చినప్పుడు ఒక పద్ధతి నాకు ఉపయోగపడింది. అన్నీ తేల్చుకుని, అడ్వాన్సు కట్టేసి, చివర్లో పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించడం మనకు అలవాటు. దాన్ని తిరగెయ్యండి. బ్రోకరుకు ఫోను చెయ్యకముందు ఒక రోజు ఉపవాసం ఉండండి. ఈ నిర్ణయం వల్ల ఎవరికి అన్యాయం జరుగుతుంది, మన మాట ఎక్కడ తప్పుతుంది, ఆదివారాలు ఏమవుతాయి అని ముందు అడగండి. చదరపు గజం ధర ఆ తర్వాత. వద్దన్న జవాబు వస్తే వదులుకోగలిగితేనే అది ప్రార్థన. వదులుకోలేనప్పుడు, మనం దేవుడి సంతకం కోసం కాగితం పంపాం, అంతే.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. సోల అన్నయ్య ఇంట్లో ఉంది. మట్టిముంత ఎప్పుడో పగిలింది. మా ఇంట్లో ఇప్పుడొక స్టీలు డబ్బా, కుక్కరు పక్కన. మా ఆవిడ వేస్తుంది, ఆమె ఊరెళితే నేను వేస్తాను. ఎవరికి ఏం బాకీ ఉన్నామో ఆ పిడికెడు వేసేటప్పుడే గుర్తొస్తుంది నాకు.

మీకు నేను అడిగేది ఒకటే. ఈ ఆదివారం గుడికి బయల్దేరే ముందు, మీ ఇంట్లో అంట్లు తోమే మనిషికి, మీ పొలంలో పనిచేసిన కూలీకి, మీ కొట్లో నిలబడే కుర్రాడికి ఇవ్వాల్సినది ఏదైనా ఆగిపోయి ఉంటే, వాళ్ల ఇంటికి వెళ్లి వాళ్ల చేతిలో పెట్టండి. గుడికి ఆలస్యమైనా ఫరవాలేదు. ఇచ్చి రండి.